క్షేమం తర్వాతి వాక్యం

నాన్నగారూ,

బంధువులకెవరికైనా ఉత్తరం రాసుకురమ్మని బడిలో చెబితే, మీరు లేరని తెలిసీ మీ మనవరాలు మిమ్మల్నే ఎంచుకుంది. మొదట ఏం రాయాలని అడిగితే అలవాటుగా చెప్పేశాను: "మేమంతా క్షేమం. మీరూ క్షేమమని తలుస్తాను."

"క్షేమంగా లేనివాళ్లు కూడా అలాగే రాస్తారా అమ్మా?" అంది.

ముదినేపల్లి నుంచి మీరు రాసే ప్రతి కార్డూ "నేను క్షేమం" అనే మొదలయ్యేది. చివరిదీ అంతే. ఆ ఒక్క ముక్క చదివి ఫ్రిజ్ మీద పెట్టేశాను. దాని కింద "వీలుంటే ఒకసారి రా అమ్మా" అని ఉందని మీ పదకొండో రోజు అయ్యాక చూశాను.

పిల్ల చేత ఆ క్షేమం వాక్యం కొట్టేయించాను. మార్కులు పోతే పోనీ.

"మరేం రాయనమ్మా?"

"ముదినేపల్లి వస్తున్నామని రాయి" అన్నాను.