కొత్త సీసా బిళ్ళలు

చిరంజీవి పెద్దమ్మాయికి అమ్మ దీవించి రాసేది. మేం క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను అని రాయాలి. అందులో రెండో సగమే రాయగలను. మీ నాన్న ఆసుపత్రిలో ఉన్నారు. ప్రాణానికి భయం లేదన్నారు. కంగారుపడి రైలెక్కకు, ముందు ఇది ఆసాంతం చదువు.

నీ ఉత్తరంలో మూడు సంగతులు అడిగావు. నా మోకాలు అలాగే ఉంది. కిటికీకి కొత్త గడియ పెట్టించాను, అయినా రెండుసార్లు లేచి చూసుకుంటున్నాను, నా బుద్ధి నీకు తెలిసిందే. ఇక "నాన్న గుండె మాత్రలు వేళకు వేసుకుంటున్నారా" అన్నావు. దానికి జవాబు రాయడానికి చెయ్యి రావడం లేదు, కాస్త ఆగు.

ఆదివారం మధ్యాహ్నం కాలరు కుడుతూ కుడుతూ గుండె పట్టుకుని మిషను మీదకు వాలిపోయారు. పక్కింటాయన తన బండిలో తీసుకెళ్ళాడు. గుండె నాళం మూసుకుపోకుండా అప్పట్లో పెట్టిన స్టెంటులో రక్తం గడ్డకట్టిందట. ఇప్పుడు తొడ దగ్గర కోయరట, మణికట్టులోంచే సన్నటి గొట్టం పంపి గడ్డ లాగేశారు. మీ నాన్నకు మెలకువగానే ఉంది. "సూదిలో దారం ఎక్కించడానికి నాకు కళ్ళజోడు కావాలి, మీరు టీవీ చూస్తూ ఎక్కించేస్తున్నారే!" అని డాక్టరుతో హాస్యాలు.

తర్వాత పెద్ద డాక్టరు గారు, "రక్తం పలచబరిచే మాత్రలు మానేశారా?" అని అడిగారు. నాకంటే ముందే మీ నాన్న "ఒక్క పూట కూడా మానలేదండీ" అనేశారు.

"వాడుతుండగానే గడ్డకట్టిందంటే ఈ మందు లాభం లేదు. శుక్రవారం ఛాతీ తెరిచి ఆపరేషన్ చేద్దాం" అన్నారు.

మంగళవారం అదే ఆసుపత్రి కింది అంతస్తులో నా కొత్త మందు పరిశోధన ముగిసింది. రెండేళ్ళ కిందట నా గుండె బాగుపడాలని నువ్వే చేర్పించావు కదా. నెలకో సీసా. పాతది తిరిగిస్తే మిగిలిన బిళ్ళలు నర్సు లెక్కపెట్టేది. నాకెప్పుడూ ఒక్కటీ మిగల్లేదు. "అందరూ మీలా ఉంటేనా అమ్మమ్మగారూ!" అని మెచ్చుకునేది. ఆ రోజు చిన్న డాక్టరమ్మ కవరు విప్పి, "మీకు వచ్చింది మందు లేని బిళ్ళ" అంది. సగం మందికి మందు, సగం మందికి ఉత్త బిళ్ళ ఇస్తారట. ఎవరికి ఏదో చివరిదాకా డాక్టర్లకూ తెలీదట. అలా పోల్చి చూస్తేనే మందు పనిచేస్తుందో లేదో తేలుతుందట.

"నాకెవరూ చెప్పలేదే!" అన్నాను.

ఆవిడ ఫైలు తిరగేసి వేలు పెట్టి చూపించింది. ఆ మాట అక్కడే ఉంది. కింద నా వంకర సంతకం, పక్కన సాక్షిగా నీ సంతకం. ఇరవై పేజీలు వంటింట్లో కూర్చుని నాకు చదివి వినిపించావు. ఆ నాలుగు వరుసలు మింగేశావు. ఎందుకో నాకు తెలుసులే, "అమ్మ బెంగపెట్టుకుంటుంది" అని. పైవాళ్ళు మోసం చేస్తే నాలుగు తిట్లు తిట్టి ఊరుకుంటాం. నీ కళ్ళు నా కళ్ళే అనుకుని సంతకం చేశానే తల్లీ! నా బెంగ నన్ను పడనివ్వాల్సింది.

ఇప్పుడు నీ మూడో ప్రశ్న. రక్తం పలచబరిచే ఆ పాత మాత్ర వల్ల సూది గుచ్చుకుంటే మీ నాన్నకు నెత్తురు ఒక పట్టాన ఆగేది కాదు. ఒకాయన తెల్ల చొక్కా మీద మరక పడితే, అతను నలుగురిలో నానా మాటలన్నాడు. మీ నాన్న ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. "నాది పెద్ద చదువులవాళ్ళు కనిపెట్టిన కొత్త మందు, నాకెప్పుడూ నెత్తురు కారలేదు, ఇది వేసుకోండి" అని నేనే అన్నాను. నాలుగు నెలలుగా నా సీసాలోవి ఆయనకిచ్చి, ఆయనవి కాలవలో పోశాను. అది ఉత్త బిళ్ళ కావచ్చని తెలిస్తే ఇచ్చేదాన్నా? అలాగని పాపమంతా నీ నెత్తిన రుద్దడం లేదు. ఒకరి మందు ఇంకొకరికి ఇవ్వకూడదని కూడా ఆ కాగితంలో ఉంది. అది నువ్వు రెండుసార్లు చదివావు.

నిన్న పెద్ద డాక్టరు గారు రాగానే మంచం పక్కన నిలబడి అంతా చెప్పేశాను. నన్ను తిడతారని భయపడి మీ నాన్న "ఊరుకోవే" అని కళ్ళెర్రజేశారు. ఉత్త బిళ్ళ అనే మాట దగ్గరకు రాగానే ఆయనే ఊరుకుండిపోయారు. డాక్టరు గారు కాగితం మీద ఏదో కొట్టేశారు. "కారణం తెలిసింది. ఆపరేషన్ ఇప్పుడు వద్దు. పాత మాత్రలే మొదలుపెడదాం" అన్నారు.

ఆయన వెళ్ళాక మీ నాన్న అడిగారు. "నాలుగు నెలలు నాకు సుద్దముక్కలు పెట్టావా?"

"నాకూ తెలీదండీ."

"సీసా చూసి వేసుకోలేదే నేను. నీ చేత్తో ఇచ్చావని వేసుకున్నా."

ఈ పొద్దున మాత్ర, నీళ్ళు అందించబోతే చెయ్యి చాపలేదు. నర్సును పిలిచి ఆవిడ చేత ఇప్పించుకున్నారు. మాత్ర పేరు ఆవిడ చేతే చదివించుకుని మరీ మింగారు.

ఇట్లు,
నీ మాట నమ్మిన అమ్మ