ఓడ మీద ఒక్క బంతి

భూపాలపల్లి,
ఆగస్టు 2011

ప్రియమైన బుచ్చక్కకు,

తమ్ముడు శశిధర్ దండాలు. ఫోన్ చేస్తే అవ్వ నీ పక్కకే చెవులు రిక్కించి కూసుంటది గనుక రాస్తున్న. కుటుంబంతోని తిరిగి రమ్మని ఈసారి మా బొగ్గు గనిల ఖర్చులిస్తున్నరు. మహబూబాబాదుల మా బామ్మర్ది టికెట్ల దుకాణం పెట్టిండు గద, ఓడ యాత్ర ఉన్నదంటుండు. కొచ్చిన్ల ఎక్కితే నాలుగు రోజులు సముద్రం మీదనే. తిండి, పండుకునుడు, ఆట, పాట అన్నీ ఓడలనే. లత సరేనన్నది. బిడ్డ శ్రేయ అయితే ఇప్పటి సంది ఎగురుతున్నది. అవ్వను, నిన్ను, బావను, అన్నోళ్లను గూడ తీస్కపోదామని నా ఆశ. ఇంటిల్లిపాది ఓడల పోవుడు మంచిదేనా, దండుగనా? జర ఆలోచించి చెప్పు.

నీ తమ్ముడు,
శశి

*

జనగామ,
ఆగస్టు 2011

నా ముద్దుల తమ్ముడు, ఓడల దొర శశికి,

మీ బావ నీ ఉత్తరం సదివి, సముద్రం అన్న మాట కాడనే కుర్చీల కూలబడ్డడు. గోదావరి దాటుతుంటే పడవల ఎట్ల కక్కిండో మర్చిపోయినవా? ఒడ్డున తానం చేసేటోళ్లు గూడ లేచి ఉరికిన్రు.

నన్నడిగితే దండుగనే. ఊరు చూద్దామంటే ఊరుండది, అంగడి చూద్దామంటే అంగడుండది. తినుడు, పండుడు, మళ్ల లేచి తినుడు. గా పని మీ బావ ఇంట్ల రోజూ చేస్తనే ఉన్నడు, దానికి కొచ్చిన్ దాకా ఎందుకు? పిల్లలకు కొత్త ముచ్చట ఒక్క పూట. ఆయెన్క ఒడ్డెప్పుడొస్తదని పానం తోడుతరు. మాటా మాటా వచ్చిందనుకో, అలిగి పోదామన్నా ఆడ బస్టాండుండదు. చుట్టూ నీళ్లే. ఏడో తరగతి తప్పినదాన్నే గని, గిది తెల్వకపోయేంత పిచ్చిదాన్ని గాదు.

అయినా అన్నను, నిన్ను ఒక్క ఓడల ఎక్కిచ్చేటోడు ఇంకా పుట్టలేదు. అవ్వ నా ఇంట్ల ఎందుకుంటున్నదో నీకెరికనే. "నా కొడుకులిద్దరు ఒక్క బంతిల కూసొని బువ్వ తిన్ననాడే వాళ్ల గడప తొక్కుత" అన్నది, ఆ మాట మీదనే ఉన్నది. నేను మంచిగనే చూసుకుంటున్న, గని ముసలిదాని పానం నర్మెట్టల అన్న ఇంటి మీదనే. నిన్న పక్కింటి మార్తమ్మ, "నీకు కొడుకులు లేరా అవ్వా?" అని అడిగింది. "ఉన్నరు బిడ్డా, చెరొక దిక్కు ఉన్నరు" అని కొంగు నోట్లె కుక్కుకున్నది.

ముందు గా సంగతి చూడు. ఓడ ఏడికీ పోదు.

నీ అక్క,
బుచ్చి

*

భూపాలపల్లి,
సెప్టెంబర్ 2011

ప్రియమైన అక్కకు,

అలిగి పోదామంటే బస్టాండుండదన్నవు సూడు, నాక్కావల్సింది గదే. ఓడ ముచ్చట అందుకే తీసిన.

ఆనాడు నా తప్పేమున్నదే? బాపు పోయినంక ఆయన బొక్కలు, బూడిద కాళేశ్వరంల గోదాట్ల కలిపేనాడు తెలంగాణ బంద్ పడె. అన్న బండి పరకాల కాడనే ఆగిపాయె. పొద్దు మునుగుతున్నదని అయ్యగారు తొందర పెడితే నేనే కలిపిన. పెద్దకొడుకు చెయ్యాల్సింది చిన్నోడు చేసిండని అన్న మనసుల పడ్డది. చెల్పూర్ పెండ్లిల చూసినవు గద, బంతిల నా ఇస్తారాకు పడంగనే ఆయన లేచిపోయిండు. ఓడల ఎటు లేచి పోతడు? నాలుగు రోజులల్ల ఒక్కపూటన్నా నా మొకం చూడడా?

నేను వస్తలేనని చెప్పి అన్నను ఓడ ఎక్కియ్యి. అబద్ధాలల్ల నిన్ను మించినోళ్లు జిల్లాల లేరు.

నీ తమ్ముడు,
శశి

*

జనగామ,
సెప్టెంబర్ నెలాఖరు

బంగారు తమ్మికి,

ఓడ సముద్రం చూడకముందే మునిగింది. సమ్మె మొదలాయె, బడులు బంద్, బస్సులు బంద్, మీ గని బంద్. జీతం లేనోనికి ఓడేందిరా? పోనీ, ముందు తెలంగాణ రానీ. ఈ ఉత్తరం గూడ జీపోని చేతికిచ్చి పంపుతున్న.

అట్లని నేను ఊకుంటనా? మొన్ననే అన్నకు రాసిన: "శశి ఇంట్ల పొయ్యి వెలుగుతలేదు. పసిపోరి శ్రేయ గంజి తాగి పండుకుంటున్నది. నీకు చెప్పొద్దని నాతోని ఒట్టేయించుకున్నడు." గింత రాసినా ఉలుకు లేదు, పలుకు లేదు. మనిషా, బండనా!

ఇగ రెండో మందు ఏస్తున్న. ఐతారం జనగామల వంటావార్పు. పెద్ద సడక్ మీదనే పొయ్యిలు పెట్టి, వండి, బంతులేసి తినుడు. ఒక్క బండి కదలది. అన్న నర్మెట్టోళ్లతోని వస్తడు. నువ్వు మీవోళ్ల జీపుల రా. వడ్డించేది నేనే. అన్నకు పప్పు పడ్డంక నిన్ను తెచ్చి పక్కకు కూసోబెడ్త. ఉద్యమం బువ్వ ముందట నుంచి లేస్తే నర్మెట్ట నర్మెట్టంతా థూ అంటది, లేవడు. అవ్వ ఎదురుంగ కూసుంటది. నువ్వు మాత్రం నోరు మూసుకొని తిను.

నీ అక్క,
బుచ్చి

*

నర్మెట్ట,
అక్టోబర్ 2011

ప్రియమైన అక్కకు,

పైన ఊరి పేరు చూసి కండ్లు నులుముకోకు. అన్న ఇంట్లనే కూసొని రాస్తున్న.

ఐతారం నాడు అన్న నా దిక్కు చూసి "వీని పక్కన తినాల్నా?" అని గుడ్లురిమితే, నీ చేతిల గరిట జారి పప్పంతా నా అంగీ మీద పడ్డది. ఆయన లేవక ముద్ద నోట్లె పెట్టుకుంటే నువ్వు బకెట్టు ఆడనే ఇడిసి ఏడ్చినవు. అవ్వ మూట సదురుకొని అన్న వెంట నడిచింది. నీ రెండో మందే పని చేసిందని జనగామంతా చెప్పుకుంటున్నవట గద!

ఇగ విను. పని చేసింది మొదటి మందు. నీ ఉత్తరం అందిన తెల్లారే అన్న బియ్యం మూట స్కూటర్ కు కట్టుకొని, రోజంతా తోలుకుంట మా ఇంటికి వచ్చిండు. జీతం లేకుంటే కోళ్లకు మేతేడ తేవాలని లత ఆనాడే కోడిని కోసింది. నేను తలుపు తీసే వరకు శ్రేయ చేతిల కోడికాలు. అన్న మూట దించకుంటనే అడిగిండు.

"గంజి ఏదిరా?"

"గంజేందన్నా?"

అంగీ జేబులకెళ్లి నీ ఉత్తరం తీసి నా చేతిల పెట్టిండు. ఇద్దరం గడప మీదనే కూలబడి కడుపులు పట్టుకొని నవ్వినం. నవ్వు ఆగినంక మెల్లగ అన్నడు:

"బాపును ఏ తాన కలిపినవురా? నాకు చూపెట్టు."

తెల్లారి కాళేశ్వరం పోయినం. మోకాళ్ల లోతు నీళ్లల్ల నిలవడి అన్న దోసిట నీళ్లు తీస్కొని ఇడిసిండు. ఆయెన్క నా భుజం మీద చెయ్యేసి, "నీళ్లు సల్లగున్నయిరా. బాపు మంచిగనే ఉండుంటడు" అన్నడు. నాకు దుఃఖం ఆగలేదక్కా.

నీకు అప్పుడే చెప్తనంటే అన్ననే వద్దన్నడు. "చిన్నప్పటి సంది మనల్ని ఆడిస్తున్నది, ఒక్కపారి దాన్ని ఆడిద్దాం" అన్నడు. నీ రెండో మందు ముచ్చట నేను ఫోన్ల చెప్తే, ఆ గుడ్లురుముడు జనగామ దారి పొడుగూత నేర్చుకున్నడట.

ఇంకో మాట. నా ఉత్తరాలన్నీ బావ అవ్వకు సదివి వినిపించిండు. నీకే తెల్వది. నిన్న అన్న, "ఇగ కలిసినం గదనే అవ్వా, ఓడెందుకు, దండుగ" అన్నడు. అవ్వ తమలపాకు నములుకుంటనే జవాబిచ్చింది:

"మీరు కలిస్తే మీకే మంచిది, నాకేంది? పుట్టి బుద్దెరిగినకాడికెళ్లి బాయినీళ్లే చూసిన. సముద్రం ఎప్పుడు చూపిస్తరో గది చెప్పున్రి."

గందుకని సమ్మె అయిపోంగనే అందరం ఓడెక్కుతున్నం. బావకు నిమ్మకాయలు నువ్వే తేవాలె.

నీ తమ్ముడు శశి,
పక్కకే కూసొని తప్పులు దిద్దుతున్న నీ అన్న సంజీవ