కోల్డ్ స్టోరేజీలో సాఫ్ట్‌వేర్

హనుమకొండ

మహారాజశ్రీ గట్టయ్య కాకకు, భానుచందర్ సాష్టాంగపడి రాయునది:

ఈ ఉత్తరం వల్ల మీకూ, ఎనుమాముల మార్కెట్‌కూ, ఇంకా పుట్టని మిర్చి రైతులకూ కలగబోయే సమస్త కష్టాలకు ముందే క్షమాపణ కోరుతున్నాను. తప్పు నాది కాదు, విజ్ఞానశాస్త్రానిది.

మీ మిర్చి కమీషన్ అడ్తి దుకాణం లెక్కల సాఫ్ట్‌వేర్ పూర్తయింది. రైతుల పేర్లు, బస్తాలు, తూకాలు దాచే డేటాబేస్‌తో సహా అంతా ప్యాక్ చేసి, మీ హమాలీ సారయ్యకు పెన్‌డ్రైవ్ ఇచ్చాను. కంప్యూటర్‌కు పెట్టి ‘సెటప్’ నొక్కితే చాలు.

విధేయుడు,
భానుచందర్

తా.క. నా మొదటి క్లయింట్ మీరే. ఇది నడవకపోతే నాన్న నన్ను కొత్తవాడలో జంపఖానాల మగ్గం మీద కూర్చోబెడతాడు. ఇప్పటికే నడుము కొలతలు తీసుకున్నాడు.

*

ఎనుమాముల

బిడ్డా భానూ,

నీ సరుకు ముట్టింది. ఎండకు రంగు పోతదని కోల్డ్ స్టోరేజీల పెట్టించిన. సోమవారం కొత్త మిర్చి దిగుతది, అప్పటికి తీస్త. గని శాంపిలేది? మన యార్డుల దోసెడు శాంపిల్ చూడంది ఎవ్వడు మూట ముట్టడు. జర పంపు. ఫోన్ చెయ్యకు, యాపారం మాట కాయితం మీదుండాలె.

మీ కాక,
గట్టయ్య

తా.క. కోల్డ్ స్టోరేజోళ్లు రసీదుల సరుకు పేరు అడిగిన్రు. ‘తేజ మిర్చి, తొడిమ తీసినది’ అని రాయించిన.

*

పూజ్యులైన కాకకు,

దాన్ని వెంటనే బయటికి తీయించండి. సాఫ్ట్‌వేర్ ఎండకు వాడిపోదు. శాంపిల్ అడిగారు కనుక, తెర మీద కనబడే బొమ్మను రంగుల్లో ప్రింట్ తీసి పంపుతున్నాను.

సెలవు,
భాను

తా.క. దయచేసి మిరపకాయలా విరిచి వాసన చూడవద్దు.

*

బిడ్డా భానూ,

శాంపిల్ రంగు మస్తుగున్నది. యార్డుకొచ్చిన సరుకు వేలం పాట పాడకుండ పోవద్దని, పాటకు పెట్టిన. ఇంక తొమ్మిది దుకాణాలోళ్లు మాగ్గూడ కావాలన్నరు.

నిన్న మూట విప్పిన. సెటప్ నొక్కితే ‘డేటాబేస్ దొరకలేదు’ అంటాంది! నువ్వేమో పెట్టిన అంటివి. ఈడ లేదు. నడుమ ఉన్నది సారయ్య ఒక్కడే. ఎన్నేండ్ల సంది నమ్మిన మనిషి! సోమవారం సంది పనికి రావద్దన్న. పాపం, ఏడ్సుకుంట పోయిండు.

గట్టయ్య

తా.క. జేబులు దులిపించిన. బీడీల కట్ట ఎల్లింది, డేటాబేస్ ఎల్లలే.

*

కాకా,

సారయ్యను ఈ పూటే పిలిపించండి. ఆయన ఏమీ తీయలేదు. ప్యాక్ చేశాననుకున్న డేటాబేస్ నా కంప్యూటర్ గడప దాటనేలేదు. ప్రోగ్రాం దాన్ని ఎక్కడ వెతకాలో రాసేటప్పుడు, నా కంప్యూటర్‌లోని చోటే రాసి, అలాగే ప్యాక్ చేశాను. అందుకే నా దగ్గర పరుగెత్తింది, మీ దగ్గర చతికిలబడింది. ఎంత తన్నుకున్నా ఇంకో కంప్యూటర్‌లో నడవడం లేదు.

సోమవారం పాట ఆగదు కదా. ఈ ఉత్తరం తెచ్చిన ఆటోలో గోనెసంచి ఉంది. కంప్యూటర్‌నే అందులో పెట్టి మూతి కుట్టాను. బస్తాలకు గుచ్చే కొక్కెం వేయకుండా దించమనండి. సారయ్యతోనే దింపించండి, నా తరఫున చేతులు పట్టుకోండి. మిగతా తొమ్మిది దుకాణాలవాళ్లు మీ దగ్గరికే వచ్చి లెక్కలు రాసుకుంటారు. కుర్చీలు వేయించండి.

మీ భాను

తా.క. మొదటి ఉత్తరంలో అడిగిన క్షమాపణలన్నీ అలంకారానికి. నిజంగా చేసిన తప్పు ఒక్కటుంది. అది నా కంప్యూటర్ కాదు, మా అక్క నవ్యది. రిపేరుకు పోయిందని ఆమెకు చెప్పాను.