ప్రార్థనకు పనికొచ్చే ఇటాలియన్ హోటల్

9 మే 2005, సోమవారం

నా కూతురు దేవకృప పోయాక డైరీ మూసేశాను. ఇవాళ మళ్ళీ తెరిచాను. ఒక మాట విన్నాను, అది ఎవరితోనైనా చెప్పుకోవాలి. ఇంట్లో నాతో ఉన్నది దేవకృప కూతురు సువార్త ఒక్కతే. పదేళ్ళది. ఈ మాట దానికి చెప్పకూడదు. కనుక కాగితానికి చెబుతున్నాను.

గుంటూరు నుంచి జ్ఞానశేఖర్ ఫోన్ చేశాడు. నా అల్లుడు. కూతురు పోయాక ఆ వరస ఉంటుందో ఉండదో తెలియదు గాని అతను ఇంకా అత్తయ్యా అనే పిలుస్తాడు. జనవరిలో ఆలిస్ అనే నర్సును గుంటూరు చర్చిలో పెళ్ళి చేసుకున్నాడు. పిల్లకు పరీక్షలని చెప్పి నేను వెళ్ళలేదు, పిల్లను పంపలేదు. పరీక్షలు మార్చిలో.

ఇప్పుడు అతను అన్నది ఇది. ఇరవై ఒకటో తారీఖు శనివారం ఇద్దరూ వస్తారు. ఆలిస్, పిల్ల ఒకరినొకరు చూసుకోవాలి. మెట్టుగూడలో మా ఇంట్లో వద్దన్నాడు. ముందుగదిలో దేవకృప ఫోటో ఉంది, ఆలిస్‌ను దాని కింద కూర్చోబెట్టలేం. పిల్లను మ్యాటినీకి తీసుకెళ్తారు. తర్వాత నలుగురం హోటల్లో భోజనం చేస్తాం. వాళ్ళు రాత్రి బండికి వెళ్ళిపోతారు. పిల్లకు ఆలిస్ నచ్చితే జూన్‌లో గుంటూరు బళ్ళో చేరుస్తాడు. నచ్చకపోతే నా దగ్గరే ఉంచుతాడు.

బలవంతం ఏమీ లేదు అత్తయ్యా అన్నాడు. మంచివాడు. మంచివాళ్ళతో పోట్లాడటం కష్టం.

ఏం తింటావని పిల్లను అడిగితే ఇటాలియన్ అంది. క్లాసులో ఎవరో పుట్టినరోజుకు తిన్నారట. హోటల్ చూసే పని నాకు అప్పగించారు. సినిమా హాళ్ళకు దగ్గరగా ఉండాలి, స్టేషన్‌కు దూరం కాకూడదు. నేను ఒక షరతు కలిపాను. భోజనానికి ముందు ప్రార్థన చేసుకోవడానికి వీలుండాలి.

మా ఇంట్లో ప్రార్థన లేకుండా ఎవరూ ముద్ద ముట్టరు. పెద్దవాళ్ళు ఒక పేరు పిలుస్తారు. పిలిచినవాళ్ళు అందరికీ వినబడేలా ప్రార్థిస్తారు. పాస్టరుగారు వచ్చిన రోజు తప్ప బయటివాళ్ళ పేరు పిలవం. మావారు ఉన్నంతకాలం ఆయన పిలిచేవారు. తర్వాత నేను పిలిచేదాన్ని, దేవకృప ప్రార్థించేది. ఇప్పుడు పిలిచేదీ నేనే, ప్రార్థించేదీ నేనే.

11 మే, బుధవారం

శేషారత్నాన్ని తోడు తీసుకుని బయలుదేరాను. ఇద్దరం ఒకే బళ్ళో రిటైరయ్యాం. నేను లెక్కలు, తను తెలుగు. సీతాఫల్‌మండిలో ఉంటుంది. కోడిగుడ్డు కూడా ముట్టని మనిషి. ఇటాలియన్ హోటల్ చూడాలంటే ముందు నవ్వింది, తర్వాత చీర మార్చుకుంది.

క్లాక్ టవర్ వెనక మేడమీద ఒకటుంది. తెల్లటి టేబుల్ క్లాత్‌లు. పాట వినబడీ వినబడనట్టు ఉంది. మేనేజరు పేరు ఆర్థర్, వయసు మళ్ళినవాడు. సంగతి చెప్పగానే మూల టేబుల్ చూపించాడు. ప్రార్థన సమయానికి పాట పూర్తిగా ఆపిస్తానన్నాడు. వాళ్ళింట్లోనూ అంతేనట. శేషారత్నానికి ఒక ప్లేటు పాస్తా తెప్పించాడు. ఇది మన సేమ్యాకి అన్నగారే అని తేల్చి పూర్తిగా తినేసింది.

నాకు నచ్చలేదు. వెలుతురు చాలదు. మెట్లు నిటారుగా ఉన్నాయి.

12 మే, గురువారం

పిల్ల అడిగింది, దొరికిందా అని. ఇంకా లేదన్నాను.

14 మే, శనివారం

ఇవాళ రెండు చూశాం.

ఒకటి ప్యారడైజ్ వైపు. మెనూలో స్పెల్లింగులన్నీ తప్పు. వంటవాడు నేపాలీ, ఇటలీ ముఖం ఎరగడు అన్నాను. నువ్వెరుగుదువా అంది శేషారత్నం. టేబుళ్ళు ఇరుకు. వద్దన్నాను.

రెండోది సరిగ్గా సినిమా హాలు పక్కనే, కింద అంతస్తులో. ఆట వదిలారు, జనమంతా అందులోకే దూరారు. రెండు టీవీలు, నాలుగు స్పీకర్లు. వెయిటర్లు ఆర్డర్లు అరిచి చెబుతున్నారు. ఎవరు ఏం మాట్లాడుతున్నారో పెదవులు చూసి తెలుసుకోవాలి. కొంచెం తగ్గించలేరా అని కౌంటర్ దగ్గర అడిగాను. అక్కడి మనిషి నన్ను జాలిగా చూశాడు.

"గానా బంద్ జేస్తే ఎవరొస్తరు మేడమ్? సినిమా జూసొచ్చెటోల్లకు లొల్లి గావాలె."

బయటికి వచ్చాక కూడా చెవుల్లో హోరు పోలేదు. పేవ్‌మెంట్ మీద బ్లాకు టికెట్లవాళ్ళు, జామకాయల బండ్లు, ఎండ. శేషారత్నం నన్ను అరుగు మీద కూర్చోబెట్టి సోడా ఇప్పించింది. మొదటిదే ఖాయం చెయ్యమంది. ఆలోచిస్తానన్నాను.

17 మే, మంగళవారం

జ్ఞానశేఖర్ ఫోన్. చూశారా అని. చూస్తున్నానన్నాను. తర్వాత ఫోన్ ఆలిస్‌కు ఇచ్చాడు. ఊహించలేదు. నమస్కారమండీ అంది. సువార్తకు ఏ రంగు ఇష్టమో అడిగింది. గౌను తెద్దామని.

ఆకుపచ్చ అన్నాను. పసుపు అని చెప్పాల్సింది. ఆకుపచ్చ దానికి అసలు పడదు.

18 మే, బుధవారం

నిన్న రాసింది మళ్ళీ చదివాను. కొట్టేయలేదు. జరిగింది జరిగినట్టే ఉండాలి.

శేషారత్నం వచ్చింది. ఇంకో రెండు చోట్ల పేర్లు చెప్పాను, చూసొద్దామని. చెప్పులు విప్పలేదు, గుమ్మంలోనే నిలబడింది.

"ఏమే ప్రేమమణీ, నువ్వు హోటల్ వెతుకుతున్నావా, సాకు వెతుకుతున్నావా?"

పిల్ల లోపలుంది, మెల్లగా మాట్లాడమన్నాను. మెల్లగానే మాట్లాడింది, అదే ఇంకా కష్టంగా ఉంది. ఆర్థర్ హోటల్లో వంక ఏముందో చెప్పమంది. వెలుతురు అన్నాను. ఏళ్ళ తరబడి కిరోసిన్ దీపం కింద పేపర్లు దిద్దినదానివి, నీకు వెలుతురు చాలలేదా అంది. పిల్లకు ఈ వేసవిలో నేర్పుతున్న లెక్కల పుస్తకం గుమ్మం పక్కనే ఉంటే తిరగేసి వెళ్ళిపోయింది. మంచినీళ్ళు కూడా తాగలేదు.

ఆమె అన్నది నిజం. ఆర్థర్ హోటల్లో వంక లేదు. అక్కడ నలుగురు కూర్చుంటే మాట కలుస్తుంది. కలిస్తే పిల్ల వెళ్తుంది.

20 మే, శుక్రవారం

జ్ఞానశేఖర్‌కు ఫోన్ చేసి చెప్పాను. సినిమా హాలు పక్కనున్నదే అన్నిటికంటే బాగుందని, పిల్లలకు అదే నచ్చుతుందని. మీరు చూశారంటే ఇంకేం అత్తయ్యా అన్నాడు.

శేషారత్నానికి చెప్పలేదు.

22 మే, ఆదివారం

ఆరాధనకు వెళ్ళి వచ్చాను. ప్రసంగం ఏమిటో గుర్తు లేదు. నిన్నటిది రాయాలి.

సినిమా వదిలే వేళకు హాలు గేటు దగ్గర నిలబడ్డాను. పిల్ల తండ్రి చేయి పట్టుకుని వచ్చింది. ఆలిస్ ఒక అడుగు వెనక. సన్నగా, చామనఛాయగా ఉంది. నూలు చీర. చేతిలో ప్యాకెట్, అందులో ఆకుపచ్చ గౌను ఉంటుందని నాకు తెలుసు. పిల్ల ముఖంలో ఏమీ లేదు. నన్ను చూడగానే తండ్రి చేయి వదిలి నా సంచి పట్టుకుంది. నాకు సంతోషం కలిగింది. దాచను.

లోపల అనుకున్నంత హోరూ ఉంది. శనివారం కదా, ఇంకా ఎక్కువే. పిల్ల నా పక్కన, వాళ్ళిద్దరూ ఎదురుగా. ఆలిస్ రెండు మూడుసార్లు ముందుకు వంగి ఏదో అడిగింది. పిల్ల ఆఁ అంది, ఆమె మళ్ళీ అడిగింది, పిల్ల మళ్ళీ ఆఁ అంది. తర్వాత ఆలిస్ అడగడం మానేసి చిన్నగా నవ్వి ఊరుకుంది. జ్ఞానశేఖర్ వెయిటర్‌తో అరిచి అరిచి పిజ్జా చెప్పాడు. అంతా నేను అనుకున్నట్టే జరుగుతోంది.

పిజ్జా వచ్చింది. ముగ్గురూ నావైపు చూశారు. పిల్ల అప్పటికే చేతులు జోడించి కళ్ళు మూసింది, నా గొంతు కోసం.

"ఆలిస్, నువ్వు చెయ్యమ్మా," అన్నాను.

మంచితనంతో అనలేదు. ముప్ఫై ఏళ్ళు పరీక్షలు పెట్టినదాన్ని. ఇదీ పరీక్షే. ఆ గోలలో కొత్త మనిషి తడబడుతుంది, రెండు ముక్కలు గొణిగి ఆమెన్ అంటుంది, పిల్ల చూస్తుంది అనుకున్నాను. కాని ఆ మాట నోటినుంచి వెళ్ళాక జ్ఞానశేఖర్ ముఖం చూశాను. అతనికి మా ఇంటి పద్ధతి తెలుసు. పన్నెండేళ్ళు మా టేబుల్ దగ్గర కూర్చున్నాడు. నేను పిలిచేది ఇంటి మనిషిని మాత్రమే. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని నాకు రెండు చేతులూ జోడించాడు. అప్పుడు తెలిసింది నేనేం అన్నానో. వెనక్కి తీసుకోవడానికి లేదు.

ఆలిస్ తల వంచింది. గొంతు పెంచలేదు. స్పీకర్లతో పోటీ పడే ప్రయత్నమే చేయలేదు. పెదవులు కదులుతున్నాయి, ఒక్క మాట కూడా ఇవతలికి రావడం లేదు. కొంతసేపటికి పిల్ల ఒక కన్ను తెరిచింది. ప్రార్థన మొదలైందో లేదో దానికి తెలియడం లేదు. నా సంచి వదిలి లేచింది. టేబుల్ చుట్టూ తిరిగి వెళ్ళి ఆలిస్ నోటి దగ్గర చెవి పెట్టి నిలబడింది. ఆలిస్ కళ్ళు తెరవకుండానే చేయి చాపి దాని నడుము చుట్టూ వేసింది.

నిశ్శబ్దంగా ఉన్న చోటైతే పిల్ల నా పక్కనే కూర్చుని వినేది.

ప్రార్థన చాలాసేపు జరిగింది. మధ్యలో పిల్ల పెదవులు కూడా కదలడం మొదలుపెట్టాయి. తర్వాత దాని భుజాలు అదిరాయి. ఏడాదిన్నరగా నా ముందు ఏడవని పిల్ల. నా ముందు ఎందుకు ఏడవలేదో నిన్న అర్థమైంది. ఏడవకూడదని నేనే దానికి నేర్పాను. పిజ్జా చల్లారిపోయింది. జ్ఞానశేఖర్ ఆమెన్ అన్నాక నేను ఆమెన్ అన్నాను. దేనికి అన్నానో నాకు తెలియదు.

పిల్ల తన ప్లేటు అటు జరుపుకుంది.

ఆటోలో తిరిగి వస్తూ అడిగాను, ఆలిస్ ఏమని ప్రార్థన చేసిందని.

"అమ్మ పేరు చెప్పింది," అంది పిల్ల.

ఇంకా ఏం చెప్పిందని అడిగాను.

"దేవుడికి చెప్పింది అమ్మమ్మా. నీకు కాదు."

పొగరుగా అనలేదు. దానికి అది మామూలు సంగతి.

23 మే, సోమవారం, పొద్దున

పాలు తాగుతూ పిల్ల అడిగింది, గుంటూరులో ఎండ ఎక్కువ కదా అని. ఎక్కువే అన్నాను. మూతి తుడుచుకుని, అలవాటవుతుందట అంది. ఎవరన్నారని అడగలేదు. అలవాటవుతుంది అన్నాను. నావైపు చూడకుండా గ్లాసు కడిగి బోర్లించింది. ఆకుపచ్చ గౌను వేసుకుని ఉంది.

అదే రోజు, మధ్యాహ్నం

జ్ఞానశేఖర్ అడిగేదాకా ఆగలేదు. నేనే ఫోన్ చేసి పిల్ల వస్తుందని చెప్పాను. మీరు మనసారా ఆలిస్ పేరు పిలిచినందుకే ఇదంతా అత్తయ్యా అన్నాడు. అవునన్నాను. ఈ ఒక్క అబద్ధాన్ని అతనికి ఉంచేస్తాను.

24 మే, మంగళవారం

జరగవలసినవి:

1. బళ్ళో టి.సి. అడగడం. సెలవుల్లోనూ ఆఫీసు తెరుస్తారు. నేనే వెళ్ళాలి, ఎవరినీ పంపకూడదు.

2. వానాకాలంలో పిల్లకు ఆయాసం వస్తుందని ఆలిస్‌కు చెప్పడం. నర్సుకు చెప్పాలా అనిపిస్తుంది. అయినా చెప్పడం.

3. లెక్కల్లో భిన్నాల దగ్గర ఆగామని చెప్పడం. తిట్టకుండా నేర్పమనడం. నేను తిట్టాను.

4. స్టేషన్‌కు శేషారత్నాన్ని రమ్మనడం. వెళ్ళేటప్పుడు తోడు అక్కర్లేదు. తిరిగి వచ్చేటప్పుడు కావాలి.