మంచివి ఏరి పంపు

రబాత్, సోమవారం

ప్రియమైన బాబాకు,

అడగకూడని మాట అడుగుతున్నాను, కోప్పడకు. “మంచివి ఏరి పంపు బాబా” అని రాయగానే గుల్మిమా కొండ పై పొరలోంచి రాయిగా మారిన ముప్ఫై సముద్రపు గుల్లలు పంపావు. గుల్ల లోపలి గదుల గోడలు అంచును తాకేచోట పడే గీత మీదే నా పరిశోధనంతా. బాగా పాతకాలపు కింది పొరల్లో అది మామూలు వంకరగీత. నువ్వు పంపిన ముప్ఫైలోనూ కొత్తిమీర ఆకులా చీలికల మీద చీలికలు. ఒక్కటీ తప్పలేదు. కాలం గడిచేకొద్దీ జీవుల నిర్మాణం చిక్కుబడుతూనే పోయిందని నా పటం చెబుతోంది. మా ప్రొఫెసర్ గారు దాన్ని చూసి నవ్వారు. “ఇది కాలం చేసిన పనా, మీ నాన్న ఉలి చేసిన పనా అమ్మాయ్?” అన్నారు.

ఆ రోజు నుంచి నా మనసు మనసులో లేదు. పర్యాటకుల కోసం నువ్వు సూదితో గీతలు లోతు చేయడం, గుల్ల మీది కొమ్ము విరిగినచోట జిగురుతో కొత్త కొమ్ము నిలబెట్టడం చిన్నప్పుడు చూసినదాన్నే కదా. జిగురైతే కరుగుతుందని వేడి సూది పెట్టి చూశాను. కరగలేదు. భూతద్దంతో ఉలి గాట్లు వెతికాను. దొరకలేదు. దొరక్కపోయేసరికి అనుమానం ఇంకా పెరిగింది, నీ పనితనం నాకు తెలుసు గనక. కూతురి చదువు నిలబెట్టాలని చెయ్యి పెట్టావా? వచ్చే నెల పరీక్షకుల ముందు నిలబడాలి. నిజం రాయి. ఇలా అడగడానికి సిగ్గుగా ఉంది.

నీ ఇట్టో

ఎర్ఫూద్, శుక్రవారం

ఇట్టో తల్లీ,

నీ ఉత్తరం మీ అమ్మకు చదివి వినిపించాను. “బాగా అయింది. ఊళ్లోకి వచ్చినవాళ్లందరికీ కొమ్ములు అతికించి ఇచ్చావుగా” అంది. నాకు కోపం రాలేదంటే అబద్ధం. రెండు రోజులు ఉలి ముట్టుకోలేదు. నీ రాళ్లకు బ్రష్షుతో మట్టి దులిపాను, అంతే. సూది తగిలించి ఉంటే నా చెయ్యి పడిపోవాలి.

మూడో రోజు నీ పాత ఉత్తరం తీసి చూశాను. మంచివి పంపమన్నావు. మన బజారులో మంచిది అంటే ఏమిటో మరిచిపోయావా? గీత ఎంత చిక్కుగా ఉంటే అంత మంచిది. సాదావి ఎవరూ కొనరు. మరి వాటిని నేనేం చేశాననుకున్నావు? మన మేకల కొట్టం గోడ వాటితో కట్టిందే.

నిన్న ఆ గోడ విప్పాను. అన్నీ ఆ కొండ పై పొరలోంచి నేను తవ్వి తెచ్చినవే. అన్నిటికీ మామూలు వంకరగీతలే, నీ పాతకాలపు వాటిలాగే. సాదావి ఎక్కడికీ పోలేదు తల్లీ. మనమే పక్కన పడేశాం. రెండు గోతాలు రేపటి బస్సుకు వేస్తున్నాను. మేకలు వంటింట్లో ఉన్నాయి, మీ అమ్మ నాతో మాట్లాడటం లేదు. నీ పటం కూలితే కూలనీ, మళ్లీ గీసుకుందువుగాని.

ఈసారి అడిగేటప్పుడు మాత్రం మంచివి అనకు. ఉన్నవన్నీ అను.

మీ బాబా,
మోహా