స్టార్ట్ కాని వ్యాను, లాకప్‌లో డ్రైవరు

ఎస్సై గారికి కోరుట్ల వ్యాను యజమాని నమస్కరించి రాయునది.

నక్సలైట్ల గాలింపులకు మీరు తీసుకెళ్లిన నా పికప్ వ్యాను పొద్దుటి చలికి స్టార్ట్ కాలేదని, అయ్యాక కూడా వణికి ఆగిపోయిందని మా డ్రైవరు దేవయ్యను లాకప్‌లో వేశారు. "అన్నలు తప్పించుకోవాల్నని బండి ఆపినవు గదరా!" అని కొట్టారట.

మెకానిక్ అంతా విప్పి చూశాడు. "బ్యాటరీ, హీటర్ ప్లగ్గులు మంచిగనే ఉన్నయ్. డీజిల్ల సగం కిరసనాయిలే ఉన్నది" అన్నాడు. ఆ డీజిల్ పోయించింది మీ జవాన్లే. తగ్గిన ఆ సగం డీజిల్ ఎటు పోయిందో మీ బామ్మర్ది ట్రాక్టరుకు తెలిసి ఉండవచ్చు.

ట్యాంకు కడిగి మంచి డీజిల్ పోస్తే బండి వెంటనే అందుకుంది. దానిలో విప్లవ భావాలేమీ కనిపించలేదు.

దయచేసి దేవయ్యను వదిలేయండి. కిరసనాయిలు సీసాలో పట్టి పంపుతున్నాను. కొట్టక తప్పదంటే దాన్ని కొట్టండి. దాని కోసం ఇంట్లో ఏడ్చేవాళ్లు లేరు.