గాలికి వణికిన ట్రైపాడ్

డెల్ఫీన్ అక్కా, మోంటానా కొండల్లో వేటకొచ్చిన నేనూ ఓర్విల్ మామయ్యా ఒంట్లో బాగానే ఉన్నాం.

నువ్వు వద్దన్నా, చవకగా తేలిగ్గా ఉందని దుర్భిణి నిలపడానికి ఆ ట్రైపాడే కొన్నాను. నిన్న గాలికి అది వణికిపోయి దుర్భిణిలో కొండపొట్టేలు సరిగా కనిపించలేదు.

"నా కళ్లకు ఆనడంలేదే పిల్లా, కొమ్ములు పూర్తిగా వంపు తిరిగాయా?" అన్నాడు మామయ్య. ట్రైపాడ్ పనికిరాదని ఒప్పుకోలేక, తిరిగాయన్నాను. నా మాట మీద కాల్చాడు. తీరా చూస్తే కొమ్ములు ఇంకా పూర్తిగా వంపు తిరగని, చట్టప్రకారం వేటాడకూడని లేత పొట్టేలు. "ముసలి కళ్లు బాబూ, పొరపడ్డాను" అని అటవీ అధికారితో తప్పు తన మీదే వేసుకున్నాడు. పక్కనే ఉండి నేను నోరు మెదపలేదు. సిగ్గుతో ఆయన మొహం చూడలేకపోతున్నాను.

అమ్మ మోకాలు ఎలా ఉంది? బరువైనా సరే, గాలికి కదలని ట్రైపాడ్ ఒకటి చూసిపెట్టు. రేపు అధికారికి నిజం చెప్పేస్తాను. అత్తయ్య మామయ్యను ఏమీ అనకముందే ఈ కార్డు ఆమెకు చదివి వినిపించు.

పిల్లలకు ముద్దులు.
నీ చెల్లెలు టెస్సా